తాళం ఎవరి చేతిలో ఉంది?

(ఏలూరులో జరిగిన మహిళా సంఘాల, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గ్రామీణ స్త్రీలకు న్యాయం ఎంతవరకు అందుతోంది అన్న విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. చట్టాల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. రోజూ స్టేషన్ల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరిగేది మీరు. అందుకని మనం పెద్దగా చర్చించుకోని ఒక అంశాన్ని ఎంచుకున్నాను. అది రవాణా. ఇంకా సూటిగా చెప్పాలంటే, 2017లో మా సంఘం 95,000 రూపాయలకు కొన్న ఒక పాత మారుతీ ఓమ్నీ వ్యాను. ఒక కుటుంబం వాడుకుని అమ్మేసిన బండిని సంఘం బండిగా మార్చుకోవడంలో మాకు ఎదురైన ప్రశ్నల్ని మీ ముందు పెడతాను. అవి ఇంజను గురించిన ప్రశ్నలుగా మొదలై అధికారం గురించిన ప్రశ్నలుగా తేలాయి.

దూరం ఎవరికి?

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉంది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్ళు తెచ్చి పోస్తే ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతుంది. 1999లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ జాబితాలో చేర్చారు. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల మీద చేపల చెరువుల గట్లు కొట్టేశారు. పక్షుల గురించి, చెరువుల గురించి, నష్టపరిహారం గురించి చాలామంది రాశారు. లంక గ్రామంలో ఉన్న ఆడమనిషి రాత్రిపూట ఆస్పత్రికి ఎలా వెళ్తుందన్నది ఆ రాతల్లో పెద్దగా కనిపించదు.

కైకలూరు, మండవల్లి స్త్రీలకు 2022 ఏప్రిల్ దాకా జిల్లా కేంద్రం మచిలీపట్నం. ఆ నెల 4న కొత్త జిల్లాలు వచ్చాక ఏలూరు అయింది. అదే రోజు తాడేపల్లిగూడెం స్త్రీలకు ఏలూరు పోయి భీమవరం వచ్చింది. కాగితం మీద గీత జరిగినప్పుడల్లా ఒక స్త్రీ చేతిలోని అర్జీ ప్రయాణించాల్సిన దూరం మారిపోతుంది. గీత గీసేటప్పుడు ఆమెను అడిగినవాళ్ళు లేరు.

గృహహింస చట్టం 2005లో వచ్చింది. దరఖాస్తు అందాక మొదటి విచారణ మామూలుగా 3 రోజులు దాటకూడదంటుంది. 60 రోజుల్లో పరిష్కరించడానికి ప్రయత్నించాలంటుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. మంచి మాటలే. కానీ స్టేషను గడప దాకా రావడం మాత్రం ఆమె సొంత ఖర్చు, సొంత ధైర్యం. ఒక్కో వాయిదాకు ఆటో ఛార్జీ, పోయిన కూలి, పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలన్న బెంగ కలుపుకుంటే, చాలా కేసులు కోర్టులో వీగిపోయేకన్నా ముందే రోడ్డు మీద వీగిపోతున్నాయి.

అసలు ఊళ్ళోకి బళ్ళు రావా? ఎందుకు రావు! భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల ఫ్యాక్టరీలకు ఆడవాళ్ళను తీసుకెళ్ళే బస్సులు తెల్లవారకముందే ఊరి మొదట్లో ఆగుతాయి. నాట్లకు, కోతలకు ట్రక్కు ఆటోలు వచ్చి నింపుకుని పోతాయి. స్త్రీ శ్రమ కావలసినప్పుడు బండి ఆమె గుమ్మం ముందుకే వస్తుంది. ఆమెకు న్యాయం కావలసినప్పుడు మాత్రం బండి లేదు. స్త్రీల కదలిక మీద ఆంక్షలు అని మనం రాస్తుంటాం. ఆ మాటను ఇంకొంచెం విప్పి చూడాలి. కదలడం మీద కాదు ఆంక్ష, తన పని మీద తాను కదలడం మీద.

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చింది. ఇక సంఘానికి బండి ఎందుకు అని మమ్మల్ని అడిగినవాళ్ళున్నారు. ఆ పథకం విలువ తక్కువ చేయను. వాయిదాలకు వెళ్ళేవాళ్ళకు అది నిజంగా చేతికి అందిన డబ్బు. కానీ బస్సు దాని వేళకు, దాని దారిన వస్తుంది. దెబ్బలు తిని అర్ధరాత్రి ఇద్దరు పిల్లలతో బయటపడిన మనిషి బస్టాపులో నిలబడలేదు. అక్కడ ఆమెను మొదట చూసేది భర్త తరఫు చుట్టమే.

పాత బండిని చూడటం

ఓమ్నీనే ఎందుకు? చవక. 796 సి.సి. చిన్న ఇంజను, ఏ ఊరి మెకానిక్కయినా విప్పగలడు. పక్కకు జరిగే తలుపులు ఉండటంతో ఇరుకు సందులోనూ ముసలివాళ్ళు, గర్భిణులు ఎక్కి దిగగలరు. లోపాలు కూడా చెప్పాలి. ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది, ఎండాకాలం నడిపేవాళ్ళకు కాళ్ళు కాలతాయి. ముందు నుంచి ఏదైనా గుద్దితే కాపాడే భాగం దాదాపు లేదు. కొత్త భద్రతా నియమాలు వచ్చాక 2019లో దీని తయారీ ఆపేశారు. అందుకే జాతీయ రహదారి మీద మా బండి 50 కిలోమీటర్ల వేగం దాటకూడదని, ముందు కూర్చున్న ఇద్దరూ బెల్టు పెట్టుకోవాలని నియమం.

తాడేపల్లిగూడెంలో ఒక కుటుంబం దగ్గర 2009 మోడల్ బండి దొరికింది. గుళ్ళకు, పెళ్ళిళ్ళకు తిరిగిన బండి. కొల్లేరు చుట్టుపక్కల పాత వ్యాను కొనేవాళ్ళు ముందు అడగాల్సింది, అది ఐసు గానీ చేపపిల్లలు గానీ మోసిందా అని. మోసి ఉంటే రంగు ఎంత మెరిసినా కింద తుప్పు పట్టి ఉంటుంది. రబ్బరు మ్యాటు ఎత్తి చూడండి, తలుపు జరిగే పట్టా కింద వేలు పెట్టి చూడండి, బండి కింద దూరి చూడండి. మాతో వచ్చిన మెకానిక్ అదంతా చూశాకే బేరం కుదిరింది. టైర్లు, బ్రేకులు, రేడియేటరు గొట్టాలకు ఇంకో 28,000 అయింది.

కాగితాలు సంఘం పేరు మీదనే ఉండాలి. కార్యదర్శి పేరు మీద కాదు, ఆమె భర్త పేరు మీద అసలే కాదు. సంఘం తీర్మానం కాపీ, 29, 30 నంబరు ఫారాలు, పాత అప్పు ఉంటే అది తీరినట్టు 35 నంబరు ఫారం చూసుకోండి. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది, తర్వాత 5 ఏళ్ళకోసారి పొడిగించుకోవాలి. ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి కార్లకు 5,000 అయింది. 20 ఏళ్ళు దాటిన కార్లకు 2025లో 10,000 చేశారు. చవగ్గా వస్తోందని మరీ పాతది కొంటే ఆ చవక ఇక్కడ తేలిపోతుంది.

ఇన్సూరెన్సు సంగతి దయచేసి రాసుకోండి. చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ పాలిసీ ఒక్కటే ఉంటే, సొంత కారులో ఊరికే ఎక్కించుకున్న మనిషికి ప్రమాదంలో కంపెనీ బాధ్యత ఉండదు. ప్యాకేజీ పాలిసీకి, దీనికి ఉన్న ఈ తేడాను 2012లో బాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే మనం రక్షిస్తున్నామనుకుని ఎక్కించుకున్న స్త్రీ, ఏ రక్షణా లేకుండా కూర్చుని ఉంటుంది. ప్యాకేజీ పాలిసీ అడగండి, కూర్చున్నవాళ్ళకు ప్రమాద బీమా కలిపించండి. ఛార్జీ కింద ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దు. తెల్ల నంబరు ప్లేటు బండిని కిరాయికి తిప్పడం నేరం.

పేరు రాయని బండి

బండి వచ్చాక మొదటి వాదన, పక్కన సంఘం పేరు రాయించాలా అని. ప్రాజెక్టు బళ్ళన్నిటి మీదా పేరు, ముద్ర, డబ్బిచ్చినవాళ్ళ పేరు పెద్దక్షరాల్లో ఉంటాయి కదా. మా కార్యకర్త ఒకామె అడిగింది: "అక్కా, మన పేరున్న బండి ఒక ఇంటి ముందు ఆగితే ఆ ఇంట్లో గొడవని ఊరికి దండోరా వేసినట్టు కాదా?" దాంతో వాదన ముగిసింది. పేరు రాయించలేదు. పాత యజమాని అంటించిన దేవుడి బొమ్మ కూడా తీయలేదు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు వచ్చిన ఏదో కుటుంబం బండి అనుకుంటారు. అనుకోనివ్వండి. కుటుంబం బండిలా కనిపించడమే దాని బలం.

సినిమాల్లో ఆడపిల్లను ఎత్తుకుపోయేది ఎప్పుడూ మారుతీ వ్యానే. తలుపు జరుగుతుంది, చెయ్యి బయటికొస్తుంది, పిల్ల మాయం. మొదట్లో మా బండిని చూసి పిల్లలు నవ్వేవారు. ఆ భయాన్ని మనం తేలిగ్గా తీసుకోకూడదు. అద్దాలకు నల్ల ఫిల్ములు వేయకూడదని 2012లో సుప్రీంకోర్టు ఆదేశించింది, మూసిన అద్దాల వెనక జరిగే నేరాలు అందుకు ఒక కారణం. గోప్యత పేరుతో మేమూ అద్దాలు కప్పలేదు. లోపల ఎవరున్నారో, ఎక్కడికి తీసుకెళ్తున్నారో ఎక్కే మనిషికి ముందే చెబుతాం.

లోపల మార్పులు తక్కువే. రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, అందుకని సీట్ల సంఖ్య మార్చలేదు. మాది ఎదురెదురు సీట్లున్న ఎనిమిది మంది రకం. మాట్లాడుకోవడానికి అది ఎంతో వీలు. వెనక సీటును అవసరమైనప్పుడు విప్పి మళ్ళీ బిగించేలా చేయించాం. సీటు కింద పెట్టెలో మందులు, రెండు దుప్పట్లు, పాలడబ్బా, చీర, దరఖాస్తు ఫారాలు ఉంటాయి.

వెనక సీటు విప్పడం ఎందుకో ఒక ఉదాహరణ చెబుతాను. ఒక లంక గ్రామం నుంచి బయటపడాలనుకున్న స్త్రీ మూడు నెలలు వాయిదా వేసింది. భయపడుతోందని అందరూ అనుకున్నారు. తీరా కూర్చుని మాట్లాడితే ఆమె అన్నది ఒకటే: "నా కుట్టుమిషను అక్కడ వదిలేసి వస్తే నేను బతికేదెట్టా?" స్త్రీధనం తిరిగి ఇప్పించమని ఆదేశించే అధికారం గృహహింస చట్టం 19వ సెక్షన్ కింద మేజిస్ట్రేటుకు ఉంది. ఆదేశం వచ్చింది. ఆ ఆదేశాన్ని, మిషన్ని, ట్రంకు పెట్టెని, ఆమెను ఒకే ట్రిప్పులో తెచ్చింది ఈ వ్యాను. ఈ రోజు ఆమె అదే మిషను మీద సంపాదించుకుంటోంది. ఆమె వాయిదాకు కారణం భయమని రాసుకుని ఉంటే మన ఫైల్లో అది అబద్ధమై మిగిలేది.

నడిపేది ఎవరు?

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇది. మగ డ్రైవరు ఉన్నప్పుడు బండి ఎక్కిన స్త్రీలు నోరు విప్పేవారు కాదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. డ్రైవరు కూడా ఈ ప్రాంతం వాడే, అతనికీ కులం ఉంది, చుట్టాలున్నారు, సెల్‌ఫోను ఉంది. ఒకసారి మేము ఆశ్రయానికి చేరేలోపే మేము ఎటు వెళ్తున్నామో ఆమె అత్తవారికి తెలిసిపోయింది. ఆ ఒక్క మనిషి మంచి చెడ్డలతో తేలే విషయం కాదిది. ఆమె రహస్యం ఎవరి చేతిలో ఉందన్నదే సమస్య.

అందుకని మా కార్యకర్తల్లో నలుగురు నేర్చుకున్నారు. లెర్నింగ్ లైసెన్సు తీసుకున్న 30 రోజుల తర్వాత పరీక్షకు వెళ్ళవచ్చు. తాడేపల్లిగూడెం పక్క ఖాళీ రోడ్ల మీద తెల్లవారుజామున నేర్చుకున్నారు. ఇళ్ళల్లో వచ్చిన అభ్యంతరాలు తమాషాగా ఉండేవి. మోకాళ్ళలోతు చెరువులో దిగి చేపలు పట్టే మనిషి క్లచ్చి తొక్కలేదట! చేపల చెరువుల గట్ల మీద గేటు వేసి కాపలా పెట్టిన చోట "ఎవరి బండి, డ్రైవరేడి?" అని అడిగేవారు. "నేనే డ్రైవర్ని" అన్న జవాబుకు గేటు తీయడానికి కొంతకాలం పట్టింది. ఇప్పుడు తీస్తున్నారు.

ఇది కొత్త సంగతి కాదు. 1990 దశకం మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సారా వ్యతిరేక ఉద్యమానికి దారి తీసింది. అదే రోజుల్లో తమిళనాడు పుదుక్కోటలో అక్షరాస్యతా ఉద్యమం వేలాది స్త్రీలకు సైకిలు నేర్పింది. చదువు ఏదో ఒక చోట కాళ్ళలోకి దిగకపోతే పలకలోనే ఉండిపోతుందని ఆ స్త్రీలు మనకు చూపించారు.

లెక్క చెప్పే పుస్తకం

పరిశోధనలో భాగంగా కొన్ని సంస్థల లాగ్‌బుక్కులు చూశాను. ఎక్కువ పేజీల్లో ఉన్నవి రైల్వేస్టేషను, విజయవాడ, విమానాశ్రయం, అతిథుల పర్యటన. బండి కొన్నది గ్రామీణ స్త్రీల పేరు చెప్పి. ఎక్కింది ఎవరు? పితృస్వామ్యం మన సంస్థల్లోకి ముందు సీట్లో కూర్చుని వస్తుంది.

మా నియమాలు మూడు. తాళం ఏ ఒక్కరి ఇంట్లోనూ శాశ్వతంగా ఉండదు, వారం వారం చేతులు మారుతుంది. రాత్రి పిలుపు వస్తే తాళం ఉన్నామె ఎవరి అనుమతీ అడగనవసరం లేదు, ఒక తోడును తీసుకుని బయల్దేరాలి. లాగ్‌బుక్కులో బాధితురాలి పేరు రాయం, నంబరు రాస్తాం, మూడు నెలలకోసారి సభ్యులందరి ముందూ చదువుతాం.

డబ్బు విషయం కూడా చెప్పాలి. విదేశీ విరాళాల నిబంధనల ప్రకారం బళ్ళ నిర్వహణ పరిపాలనా ఖర్చు కిందికి వస్తుంది. 2020 సవరణలో ఆ ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. లంక గ్రామానికి బండి వెళ్ళడమే సేవ అయిన చోట దాన్ని ఆఫీసు ఖర్చు అనడం ఎంత అన్యాయమో మనం గట్టిగా చెప్పాలి. మా పెట్రోలు ఖర్చు మాత్రం సభ్యుల చందాలతో, స్థానికుల విరాళాలతో నడుస్తోంది. అందుకే ఎవరికీ ముద్ర వేసి చూపించనవసరం లేకపోయింది.

చివరగా ఒక హెచ్చరిక. బండి ఉంది కదా అని ప్రభుత్వం బాధ్యతను మన నెత్తిన వేసుకోకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేరుకు వచ్చినప్పుడు ఏలూరు-కైకలూరు రోడ్డు మీదికి నీళ్ళు ఎక్కాయి. ఓమ్నీ నీళ్ళలో నడవదు. అప్పుడు కావలసింది పడవలు, అవి ఇవ్వాల్సింది యంత్రాంగం. ఆశ్రయానికి, ఆస్పత్రికి, కోర్టుకు స్త్రీని చేర్చే రవాణాను ఆమె హక్కులో భాగంగా అడగాలి. ప్రతి మండలానికీ అడగాలి. అడుగుతూనే, ఈలోపు మన బండి మనం నడుపుకోవాలి.

మీరు తిరిగి వెళ్ళాక మీ సంస్థలో రెండు పనులు చేయమని కోరుతున్నాను. ఇన్సూరెన్సు కాగితం తీసి అది ఏ పాలిసీయో చూడండి. కిందటి మూడు నెలల లాగ్‌బుక్కు తీసి, ఎవరు ఎక్కారో, తాళం ఎవరి చేతిలో ఉందో అందరి ముందూ చదవండి. ఆ చర్చ ఎలా జరిగిందో ఈ పత్రికకు రాయండి.

సెలవు.