తెలియక చేసిన కీడు, తెలిశాక చేసే పని
(స్మారకోపన్యాస పాఠం)



తర్కం పాఠాలు చెప్పిన మాస్టారి పేరున జరిగే సభ ఇది. అందుకని భక్తితో సరిపెట్టుకునే విషయం కాకుండా వాదానికి నిలవాల్సిన విషయం ఎంచుకున్నాను. తెలియక ఎవరికైనా కీడు చేస్తే పాపం అంటుతుందా?

మన ఇళ్లలో దీనికి రెండు జవాబులున్నాయి. తెలియక చేసినదానికి తప్పు లేదంటాం. తెలిసి ముట్టుకున్నా తెలియక ముట్టుకున్నా నిప్పు కాలుస్తుందనీ అంటాం. మొదటి మాట సాధారణంగా మనకోసం, రెండోది ఎదుటివాడి కోసం వాడుకుంటాం. ఆ సౌకర్యం పక్కనపెట్టి, పూర్వులు ఈ రెండు మాటల మధ్య ఎలా తగువుపడ్డారో చూద్దాం.

బౌద్ధుల పక్షం సూటిగా ఉంటుంది. వాళ్లకు కర్మ అంటే చేతన, మనసులోని సంకల్పం. ధమ్మపదం మొదటి గాథకు అట్ఠకథ చెప్పే కథ చక్ఖుపాలుడిది. చూపు పోయిన ఆ థేరుడు వాన వెలిశాక జేతవనంలో నడుస్తుంటే కాళ్లకింద పురుగులు నలిగాయి. తోటి భిక్షువులు బుద్ధుడి దగ్గర ఫిర్యాదు చేశారు. అతను చంపుతుంటే మీరు చూశారా అని ఆయన అడిగాడు. చూడలేదన్నారు. మీరు అతణ్ణి చూడనట్టే అతనూ పురుగుల్ని చూడలేదు, చంపాలన్న తలంపు లేదు గనక దోషమూ లేదని తేల్చాడు.

జైనులు ఊరుకోలేదు. సూత్రకృతాంగంలో ఆర్ద్రకుడి సంవాదం ఉంది. అందులో బౌద్ధుడి నోట ఒక వాదం పలికిస్తారు. మనిషిని తెలగపిండి ముద్ద అనుకుని శూలానికి గుచ్చి కాల్చినా హత్యాదోషం లేదట. సొరకాయను పసిబిడ్డ అనుకుని కాలిస్తే ఉందట! వెక్కిరింత ఘాటుగానే ఉన్నా లోపలి ప్రశ్న న్యాయమైనది. కాలుతున్నవాడికి నీ తలంపుతో పనేముంది?

ఆ ప్రశ్న బౌద్ధులకూ తప్పలేదు. మిళిందపన్హలో నాగసేనుడు, తెలియక పాపం చేసినవాడికే ఎక్కువ పాపం అంటాడు. ఎర్రగా కాలిన ఇనుమని తెలియక పట్టుకున్నవాడి చెయ్యే ఎక్కువ కాలుతుంది కదా అని మిళింద రాజునే ఒప్పిస్తాడు. చక్ఖుపాలుడి తీర్పుకూ దీనికీ పొత్తు కుదర్చడం తేలిక కాదు. తెలియనివాడు పట్టు సడలించడు, జంకడు, అందుకే కాలడం ఎక్కువ అని నేను అర్థం చెప్పుకుంటాను.

ఈ తగువులో నాకు నచ్చిన మధ్యవర్తి కుందకుందాచార్యుడు. అనంతపురం జిల్లా కొనకొండ్ల ఆయన ఊరని సంప్రదాయం. ప్రాకృతంలో రాసిన ప్రవచనసారంలో ఆయన చెప్పేదిది: అజాగ్రత్తగా మెలిగేవాడికి ఎదుటి జీవి చచ్చినా బతికినా హింసాదోషం ఉంది, జాగ్రత్తగా నడిచే మునికి, కాలికింద ప్రాణి పోయినంతమాత్రాన బంధం లేదు. జైన ముని నాలుగు మూరల మేర నేల చూసుకుంటూ అడుగు వెయ్యాలన్న నియమం ఇక్కడ అర్థవంతమవుతుంది. చంపాలనుకోలేదంటే చాలదు, చూసుకున్నావా అని కూడా అడగాలి.

వాల్మీకి మరో మెట్టు ఎక్కిస్తాడు. మనం శ్రవణకుమారుడని పిలుచుకునే మునికుమారుడికి వాల్మీకి పేరే పెట్టలేదు. వానాకాలం రాత్రి, సరయూ తీరం. పెళ్లికాని యువరాజు దశరథుడు, నీళ్లకు వచ్చే ఏనుగునో అడవిదున్ననో కొట్టాలని పొంచి ఉన్నాడు. కుండ నిండుతున్న చప్పుడు ఏనుగు ఘీంకారంలా తోచింది. బాణం వేశాడు. మనిషిని చంపాలనుకోలేదు, ఆ మేరకు నిర్దోషి. కానీ చూడకుండా, చప్పుణ్ణి బట్టి కొట్టడం అతనికి పేరు తెచ్చిన విద్య. ఆ విద్య మీది మోజులో ఆగి చూసుకోలేదు. కుందకుందుడి కొలతకు అతను నిలవడు.

తరవాత జరిగింది గమనించండి. చూసినవాళ్లు లేరు. వెళ్లి మా నాన్నకు చెప్పమని కుర్రవాడు ప్రాణం విడిచాడు. చెప్పకుండా అయోధ్యకు పోదామంటే అడ్డేమీ లేదు. దశరథుడు కుండ నిండా నీళ్లు ముంచుకుని ఆశ్రమానికి నడిచాడు. అడుగుల చప్పుడు విని కొడుకే అనుకున్న గుడ్డి తండ్రి, ఇంత ఆలస్యమేమని అడిగాడు. మీ అబ్బాయిని కాను, దశరథుణ్ణి అంటూ జరిగిందంతా చెప్పాడు. నీ అంతట నువ్వు చెప్పకపోయి ఉంటే నీ తల వక్కలయ్యేదన్నాడు ముని. తెలియక చేశావు గనక బతికున్నావన్నాడు. అయినా, నాలాగే పుత్రశోకంతో పోతావని శపించాడు. రాముడు అడవికి వెళ్లిన ఆరో రాత్రి దశరథుడు ఈ కథ కౌసల్యకు చెబుతూ, తెలియక విషం తిన్న పసివాడితో తనను పోల్చుకుంటాడు.

తెలియకపోవడం శిక్షను తగ్గించింది, మాపలేదు. నా ప్రతిపాదన ఇక్కడ పుట్టింది. తెలియనితనం కీడు జరిగిందని తెలిసేవరకే చెల్లుతుంది. ఆ పైన ఆగినా, పారిపోయినా, చెప్పినా, దాచినా, తెలిసి చేస్తున్నదే. సంకల్పమే కర్మ అన్న బౌద్ధుల కొలతతో చూసినా అది నిండైన కర్మ.

ఈ ప్రశ్న రోడ్డు మీద కూడా ఉంది. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్, నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే 5 ఏళ్ల దాకా జైలు అంటుంది. పాత 304-ఎ సెక్షన్‌లో అది 2 ఏళ్లు. బండితో గుద్ది, పోలీసులకో మేజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోతే 10 ఏళ్ల దాకా అని రెండో భాగం చెబుతుంది. దాని మీదే 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మె చేశారు. హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు బళ్లు బారులు తీరాయి. ఆగితే జనం కొట్టి చంపుతారన్నది డ్రైవర్ల భయం. 2024 జూలై 1న సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ భాగాన్ని ఆపి ఉంచారు.

ఆ భయాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. ముని శపించాడు గానీ ముందు విన్నాడు. రోడ్డు మీద గుమిగూడిన మనం వినకుండానే చెయ్యి చేసుకుంటే, పారిపోవడం నేర్పేది మనమే. ఆ కర్మలో మనకూ వాటా ఉంది.

ఇంకొక్క హెచ్చరిక. అనుశాసన పర్వంలో భీష్ముడు గౌతమి కథ చెబుతాడు. ఆమె కొడుకు పాము కాటుకు పోయాడు. పాము నేరాన్ని మృత్యువు మీదికి నెట్టింది, మృత్యువు కాలం మీదికి నెట్టింది, కాలం ఆ పిల్లవాడి కర్మేనంది. గౌతమి ఆ మాట ఒప్పుకుని పామును వదిలెయ్యమంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి అంటే అది క్షమ. కాటేసినవాడు అంటే ఎగవేత. ‘వాడి కర్మ’ అనే హక్కు కీడు చేసినవాడికి లేదు.

అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది. చూసుకుని నడిచినా జరిగిపోయిన కీడుకు పాపం అంటదు. చూసుకోకపోతే ఆ మేరకు అంటుతుంది. తెలిశాక మొహం చాటేస్తే పూర్తిగా అంటుతుంది. మొదటి రెండింటినీ వేరుచెయ్యడానికి శాస్త్రాలు, కోర్టులు కావాలి. మూడోదానికి తీర్పరి అక్కర్లేదు; ఎవరిది వాళ్లకే తెలుస్తుంది.