దుంపకూర కూడ అన్నమే
(ఆరోగ్య తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యమున జరిగి, 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం మన దేశమున మధుమేహమున్నవారు 10 కోట్ల పైమాటే. ఇది ధనికుల జబ్బు అనుకొను రోజులు పోయినవి.

ఆరోగ్య తరగతులలో మేము తరచుగా వినే మాట ఒకటున్నది. "అన్నం సగం మానేశామండీ, కూరే ఎక్కువ తింటున్నాం, అయినా షుగరు తగ్గడం లేదు." ఏ కూర అని అడిగితే, బంగాళాదుంప వేపుడనో, చామదుంపల పులుసనో సమాధానం వచ్చును. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది.

దుంపలో నిలువయుండునది ముఖ్యముగా పిండి పదార్థమే. అది కడుపులో గ్లూకోజుగా మారి రక్తమున చేరును. 100 గ్రాముల ఉడికిన అన్నంలో పిండి పదార్థం సుమారు 28 గ్రాములుండగా, అంతే తూకం బంగాళాదుంపలో 15 నుండి 20 గ్రాములుండును. బెండ, బీర, సొర, వంకాయలలో అది ఏడెనిమిది గ్రాములకు మించదు. కనుక దుంపను కూర లెక్కలో గాక, అన్నం లెక్కలో వేయవలెను. ముంబయి వడాపావ్‌లో దుంప, రొట్టె రెండును ఒకే పద్దు. కలకత్తా బిర్యానీలోని బంగాళాదుంపయు అంతే.

అట్లని దుంపలను బొత్తిగా మానుడని మేము చెప్పబోము. చవుకగా దొరికి ఆకలి తీర్చు ఆహారమును నిషేధించుట సులభము. కూలి డబ్బుతో ఇల్లు నడుపు తల్లికి అది ఏ విధముగను తోడ్పడదు. మేము చెప్పునది మారకము మాత్రమే. 150 గ్రాముల బంగాళాదుంప తిన్న పూట సుమారు 100 గ్రాముల అన్నం తగ్గించవలెను. వేపుటకంటె ఉడికించుట మేలు. మెత్తగా చిదిమి వేడివేడిగా తిన్న దుంపకంటె, ఉడికించి చల్లార్చిన ముక్కలు కొంత నిదానముగా జీర్ణమగును. చిలగడదుంపను కాల్చుటకంటె ఉడికించుట మంచిది. పప్పు, ఆకుకూర తోడైనచో చక్కెర ఒక్కసారిగా పెరుగదు. మూత్రపిండముల జబ్బు కూడ ఉన్నవారు దుంపల విషయమున డాక్టరు సలహా తప్పక తీసుకొనవలెను.

దీనికి రెండవ వైపు కూడ ఉన్నది. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడుచు, భయముతో భోజనమే మానివేసినచో, చక్కెర ప్రమాదకరముగా పడిపోవును. చెమటలు, వణుకు, కళ్లు తిరుగుట దాని గుర్తులు. క్రేను మీదనో, యంత్రము వద్దనో అది జరిగిన ప్రాణాపాయమే. వెంటనే మూడు టీ చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగి, పావుగంట తరువాత మరల చూచుకొనవలెను. తోటివారికి జబ్బు సంగతి ముందుగా చెప్పియుంచుట సిగ్గుపడవలసిన పని కాదు.

అయితే క్యాంటీనులో అన్నం, దుంపకూర తప్ప మరొకటి లేనపుడు కార్మికుడు ఏ మారకము చేయగలడు? 250 మందికి మించి పనిచేయు ఫ్యాక్టరీలలో క్యాంటీనుకును, దాని నిర్వహణ కమిటీలో కార్మిక ప్రతినిధులకును 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చోటు కల్పించినది. ఆ చట్టం స్థానమున నేడు కొత్త కోడ్ వచ్చినది. చట్టమేదైనను, కంచంలో ఏమున్నదని అడుగవలసినది మనమే. ప్రతి పూట దుంప లేని కూర ఒకటి, పప్పు, రాత్రి షిఫ్టులో వేళకు భోజన విరామం: ఈ మూడింటిని ప్రతి శాఖయు తన కోర్కెల పత్రంలో చేర్చవలెనని కోరుచున్నాము.