గడప దగ్గర ఆగిన అడుగు
(రేడియో ప్రసంగ పాఠం)

ఈ పూట మనం ఒక గడపను గురించి మాట్లాడుకుందాం. అది మీ ఇంటి గడపే కావచ్చు.

నరసన్నపేటలో నాకు తెలిసిన ఒక ఇంట్లో ఒక పెద్దాయన ఉన్నారు. డెబ్బయ్యేళ్లు దాటాయి. వెనక ఆయన బజారులో గుమాస్తాగా పనిచేసేవారు. ఆయన దుకాణం తాళం తీశారంటే తొమ్మిదయిందని పక్క కొట్టువాళ్లు గడియారం సరిచేసుకొనేవారట. అలాంటి మనిషి ఇప్పుడు పెరట్లోకి వెళ్లాలంటే గడప దగ్గర నిలబడిపోతున్నారు. పాదాలను నేలకు ఎవరో అతికించినట్టు కదలవు. వెనకనుంచి కొడుకు, "ఏటి నాన్నా, ఎంతసేపు? నడు!" అంటాడు. ముందునుంచి కోడలు, "మావయ్యా, జాగ్రత్త, గడపుంది" అంటుంది. పక్కనుంచి మనవడు, "తాతా, నా బొమ్మ చూడు" అంటాడు. ముగ్గురిదీ ప్రేమే. ఆయన మాత్రం కదల్లేరు. ముగ్గురూ విసిగి వెళ్లిపోయాక, కాసేపటికి ఒక్కరే దాటేస్తారు.

"చూశారా, మనమున్నప్పుడే ఈ నాటకం" అని ఆ ఇంట్లో ఒకరు అన్నారు. ఆయన విన్నారు. ఏమీ అనలేదు. మాట కూడా మునుపటంత తొందరగా రాదు గదా. నాకు మనసు నొచ్చుకొంది. అందుకే ఈ ప్రసంగం.

ప్రియులారా, అది నాటకం కాదు. ఆయనకున్నది పార్కిన్సన్స్ వ్యాధి. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బును గురించి ఒక చిన్న పుస్తకం రాశారు. అందులో వర్ణించింది ఆరుగురినే. వారిలో కొందరిని వీధిలో చూసి రాసుకొన్నారు! వణుకును, ముందుకు వంగిన నడకను ఎంతో చక్కగా పట్టుకొన్నారు. కానీ రోగి బుద్ధికి, ఇంద్రియాలకు ఏ లోటూ రాదని కూడా రాశారు. ఆ మాట దగ్గర మాత్రం ఆ పెద్దమనిషి పొరబడ్డారు. బుద్ధి అందరికీ పోదు, నిజమే. అయితే ధ్యాస నిలిపే తీరు, కాలాన్ని కొలుచుకొనే తీరు చాలామందిలో మారతాయి. ఇంట్లోవాళ్లకు వణుకు కనబడుతుంది, ఇవి కనబడవు.

మన మెదడులో లోతుగా, నల్లగా ఉండే ఒక చిన్న భాగం డోపమైన్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. ఈ జబ్బులో అక్కడి కణాలు క్రమంగా నశిస్తాయి. అలవాటైన పనులు మన ప్రమేయం లేకుండా వాటంతటవే జరగడానికి ఆ డోపమైన్ కావాలి. పొందూరులో రాట్నం ముందు కూర్చున్న తల్లిని చూడండి. పక్కింటి సంగతులు చెబుతూనే ఉంటుంది, చేతిలో సన్నని నూలు సాగుతూనే ఉంటుంది. మనం నడిచేది కూడా అలాగే. ఏ కాలు ముందు వెయ్యాలని ఎవరైనా ఆలోచిస్తామా?

పార్కిన్సన్స్ ఉన్నవారు ఆలోచించాలి. జారిపోయిన అలవాటు చోట ధ్యాసను పెట్టి నడవాలి. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌లో మెగ్ మోరిస్, రాబర్ట్ ఇయాన్సెక్ 1990లలో ఈ సంగతిని కొలిచి చూశారు. నేలమీద గీతలు గీసినా, పెద్ద అడుగు వెయ్యాలని మనసులో అనుకోమన్నా, ఆ రోగుల అడుగు దాదాపు మామూలు పొడవుకు వచ్చింది. మరో పని అప్పగించి ధ్యాస మళ్లించేసరికి అడుగు మళ్లీ చిన్నదయిపోయింది. కాళ్లలో బలం ఉంది, చేతిలో లాంతరు మాత్రం ఒకటే ఉంది. వెనకనుంచి ఒకరు, ముందునుంచి ఒకరు, పక్కనుంచి ఒకరు పిలిస్తే ఆ లాంతరు ఎటు తిప్పాలి? గడప చీకట్లో పడిపోతుంది.

దీనికి మించిన వింత ఒకటుంది. నెదర్లాండ్స్‌లో 58 ఏళ్ల రోగి ఒకాయన నాలుగడుగులు సరిగా వెయ్యలేక పడిపోయేవారు. అదే మనిషి సైకిలెక్కి హాయిగా తొక్కుకుపోయారు! 2010లో వైద్యులు దాన్ని చిత్రీకరించి ప్రకటించారు. తొక్కుడు చక్రం తిరిగే లయే ఆయన కాళ్లకు దారి చూపించిందని వారి ఊహ. ఇది చూసి మీ నాన్నగారిని సైకిలెక్కించకండి, దయచేసి.

ఇక కాలం సంగతి. 1998లో చారా మలపాని, ఆమె తోటి పరిశోధకులు ఒక పరీక్ష ప్రచురించారు. రోగులకు 8 సెకన్ల వ్యవధి ఒకటి, 21 సెకన్ల వ్యవధి ఒకటి నేర్పి, మళ్లీ అంతంత సమయం చూపించమన్నారు. మందు పనిచేస్తున్నప్పుడు ఇంచుమించు సరిగానే చూపించారు. మందు లేనప్పుడు 8 సెకన్లు సాగి పొడవయ్యాయి, 21 సెకన్లు కుంచించుకుపోయాయి. రెండు కాలాలూ ఒకదానివైపు ఒకటి జరిగినట్టు! అంటే ఆ మనిషికి లోపలి గడియారం నెమ్మదిగా నడవడం ఒక్కటే కాదు, నేర్చుకొన్న కొలతలే ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయన్నమాట. "ఇప్పుడే వస్తాను" అని ఆయన అన్నప్పుడు అబద్ధమాడలేదు. మీ ప్రశ్నకు జవాబు రాకముందే మీరు రెండో ప్రశ్న వేస్తే, ఆయన ఇంకా మొదటి ప్రశ్న దగ్గరే ఉంటారు. ఒకప్పుడు బజారుకే వేళ చెప్పిన మనిషికి ఇది ఎంత బాధో ఆలోచించండి.

లోపలి తాళం తప్పినప్పుడు బయటి తాళం పనికొస్తుంది. ఇది మన శ్రీకాకుళం వారికి కొత్తగా చెప్పక్కర్లేదు. తప్పెటగుళ్లు ఆడేవారిని చూడలేదా? గుండెమీద తప్పెట మోగుతుంది, కాలి గజ్జె దాని వెంట పోతుంది. ఫిజియోథెరపిస్టులు చేయించేదీ దగ్గర దగ్గర అదే. టిక్కుటిక్కుమనే యంత్రం పెడతారు, లేదా లెక్కపెడతారు, లేదా నేలమీద రంగు పట్టీలు అతికిస్తారు. ఆగిపోయిన మనిషిని చెయ్యి పట్టి లాగకండి, పడిపోతారు. పక్కన నిలబడండి. ముందు ఊరుకోండి. తర్వాత "ఒకటీ... రెండూ..." అని మెల్లగా అనండి. తలుపు దాటేవరకు వేరే మాట ఎత్తకండి.

మందు వేళ ఇంకా ముఖ్యం. లెవోడోపా మాత్ర పని కొన్ని గంటలే. జబ్బు ముదిరేకొద్దీ ఒక్క అరగంట ఆలస్యమైనా మనిషి బిగుసుకుపోవచ్చు. పప్పు, గుడ్డు, చేపల్లోని మాంసకృత్తులు పేగులో ఆ మందుకు పోటీ వస్తాయి గనుక, మాత్రకూ భోజనానికీ ఎంత ఎడముండాలో మీ డాక్టరు గారినడగండి. వేరే జబ్బుతో ఆసుపత్రిలో చేరితే ఈ మాత్ర ఆగిపోకూడదు. హఠాత్తుగా మానేస్తే జ్వరం, బిగుతు ముంచుకొచ్చి ప్రాణంమీదికే రావచ్చు. నాకు తెలిసిన ఒకామెకు అలాగే అయింది. వార్డులో మందులు ఇచ్చే వేళ వేరు, ఆమె మాత్ర వేళ వేరు, అడిగేవారు లేరు. వాంతులకు మామూలుగా ఇచ్చే మెటోక్లోప్రమైడ్ కూడా వీరికి పడదు. ఈ రెండు సంగతులూ చీటీమీద రాసి మందుల సంచిలో పెట్టండి. బ్రిటన్‌లో పార్కిన్సన్స్ సంస్థ 2006లో, ఆసుపత్రుల్లో మందు వేళకు అందాలని ప్రత్యేకంగా ఒక ఉద్యమమే మొదలుపెట్టింది.

మరొక మాట. "దూలగొండి గింజల్లో ఈ మందే ఉందట గదా" అని కొందరు అడుగుతుంటారు. ఉంది. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు ఆ గింజలనుంచి లెవోడోపాను వేరుచేశారు. ఇది మందుగా పనికొస్తుందని లోకానికి తెలియడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. అయితే గింజకూ గింజకూ మోతాదు మారుతుంది. మాత్ర వేసుకొంటూనే పొడి కూడా మింగితే లెక్క తప్పుతుంది. డాక్టరుకు చెప్పకుండా ముట్టకండి.

ఆ గడప సంగతి చెప్పి ముగిస్తాను. కొడుకుతో చాలాసేపు మాట్లాడాను. మొదట ఒప్పుకోలేదు, తర్వాత తలవంచుకొని కూర్చున్నాడు. మరుసటి వారం గడపకు ముందు తెల్లని పట్టీలు మూడు అతికించాడు. కొన్ని రోజులు పనిచేస్తున్నాయి, కొన్ని రోజులు లేదు. పని లేని రోజున ఆయన ఇంకా నిలబడే ఉంటారు, వీళ్లు ఊరుకొంటున్నారు. ఫోనులో అలారం మోగితే మాత్ర, మంచినీళ్లు తెచ్చేది మనవడు. మొన్న నేను వెళ్లేసరికి ఇంకా మోగలేదు. పెద్దాయన గోడ గడియారంవైపు చూసి, కాసేపు ఆగి, "ఇంకా రెండు నిమిషాలుంది, బావూ" అన్నారు. వాడు గ్లాసు పట్టుకొని పక్కనే కూర్చున్నాడు.