కాటాలో తేలిన నిజం



మన గోదావరిలో వల విసిరేవాళ్లు వల అంచున సీసపు గుళ్లు కట్టడం మీరంతా చూసే ఉంటారు. సీసం ఎక్కడిదైనా సీసమే గదా, అందులో తేడా ఏముంటుందీ అనుకుంటాం. నూరేళ్ల కిందటి వరకు పెద్ద పెద్ద రసాయన శాస్త్రజ్ఞులూ అలాగే అనుకున్నారు. అది పొరపాటని తూచి తేల్చినవారిలో ఒక స్త్రీ ఉన్నారు. ఆమె పేరు స్టెఫానీ హోరోవిట్స్.

1887లో వార్సాలో పుట్టి, వియన్నాలో పెరిగి, అక్కడి విశ్వవిద్యాలయంలోనే 1914లో డాక్టరేటు పుచ్చుకున్నారు.

అంతకు ముందు ఏడే బ్రిటన్‌లో ఫ్రెడరిక్ సాడీ ఒక కొత్త మాట చెప్పారు. ఒకే మూలకంలో బరువు వేరైన పరమాణువులు ఉండవచ్చునని. రెండు మడుల్లో పండిన ఒకే రకం వడ్లు చూపుకు ఒకటే, వండితే రుచీ ఒకటే. కుంచంతో కొలిచి కాటాలో వేస్తే మాత్రం తేడా రావచ్చు. అలాగన్నమాట. వీటికి ‘ఐసోటోపు’ అనే పేరు సూచించిందీ ఒక స్త్రీయే, డాక్టర్ మార్గరెట్ టాడ్.

మాట సరే, రుజువేదీ? యురేనియం కాలక్రమాన సీసంగా మారుతుంది. ఆ సీసం మామూలు సీసం కన్న తేలికగా ఉండాలి. వియన్నా రేడియం సంస్థలో ఓటో హోనిగ్‌ష్మిడ్‌తో కలిసి హోరోవిట్స్ యురేనియం ఖనిజం నుంచి సీసం తీశారు. ఏ కాస్త మలినం మిగిలినా లెక్క తప్పుతుంది. అందుకని మళ్లీ మళ్లీ శుద్ధిచేసి తూచారు. మామూలు సీసం పరమాణు భారం 207.2, ఆమె తూచిన సీసానిది 206.7. తేడా అరపాటి. కాని ఆ అరతోనే సాడీ మాట నిలబడింది. అదే 1914లో అమెరికాలో రిచర్డ్స్ కూడా ఇదే సంగతి కనిపెట్టారు. 1916లో, అయోనియం అనే పేరుతో కొత్త మూలకంగా చెలామణీ అవుతున్నది థోరియం ఐసోటోపేనని కూడా హోనిగ్‌ష్మిడ్, హోరోవిట్స్ తేల్చారు.

సాడీకీ, రిచర్డ్స్‌కీ నోబెల్ బహుమతులు వచ్చాయి. హోరోవిట్స్ మొదటి ప్రపంచయుద్ధం తరువాత రసాయనశాస్త్రమే వదిలిపెట్టి, వియన్నాలో స్నేహితురాలితో కలిసి మనసు చెదిరిన పిల్లల కోసం ఒక నిలయం నడిపారు. 1937లో వార్సాలోని సోదరి దగ్గరకు చేరారు. యూదు కుటుంబంలో పుట్టినందుకు 1942లో నాజీలు ట్రెబ్లింకాలో ఆమెను చంపేశారు.

ఈనాడు థైరాయిడ్ జబ్బుకు ఆసుపత్రిలో అయోడిన్ ఐసోటోపు ఇస్తున్నారు. ఆ మాట చెవిని పడినప్పుడూ, మీ అమ్మాయి పాఠంలో కనిపించినప్పుడూ పేరు పెట్టిన ఆవిడనూ, తూచిన ఆవిడనూ కాస్త తలుచుకోండి. ఆ పిల్లకూ చెప్పండి.