ఒక్క రికార్డు చాలునా?



జీవితమంతా ఒకే ఒక్క పాటల రికార్డు వినవలసి వస్తే దేనిని ఎంచుకుంటారు? ఇదీ ఈనాటి మన ముచ్చట. చేతిలోని ఫోనులో వేల పాటలుండగా ఈ ప్రశ్న ఎందుకని మీకు తోచవచ్చు. అన్నీ అందుబాటులో ఉన్నప్పుడు మనకు నిజంగా ఏది కావాలో తెలియదు. ఒక్కటే అన్నప్పుడు తెలుస్తుంది.

మీ ఇంట్లో పెద్దలను అడిగితే చాలామంది ఘంటసాలగారి భగవద్గీత అంటారు. 1974లో ఆయన కన్నుమూసిన తరువాత వెలువడిన రికార్డు అది. శ్లోకం వెంట తెలుగు తాత్పర్యం కూడా వినిపిస్తుంది. చక్కని ఎంపికే. కాని దానిని మనం భక్తితో కూర్చుని వింటాము. పనిచేసుకుంటూ కూనిరాగం తీయము. నాకు వినడానికీ, పాడుకోవడానికీ కూడా పనికివచ్చేది కావాలి. అందుచేత నేను "శంకరాభరణం" పాటలను ఎంచుకుంటాను.

కె. విశ్వనాథ్ గారి ఈ చిత్రం 1980 ఫిబ్రవరి 2న విడుదలయింది. "సినిమా పాటలే కదా!" అని కొందరు తీసిపారేయవచ్చు. కాని అందులో ఎవరెవరున్నారో చూడండి. పదిహేడవ శతాబ్దపు భద్రాచల రామదాసు ఉన్నాడు. సంస్కృతంలో కీర్తనలు చెప్పిన సదాశివ బ్రహ్మేంద్రులున్నారు. మైసూరు ఆస్థాన విద్వాంసులు వాసుదేవాచార్యులవారి తెలుగు కృతి ఉంది. వారి సరసన మన కాలపు కవి వేటూరి సుందరరామమూర్తి ఉన్నారు. ఒక్క రికార్డులో ఇన్ని కాలాలు కలిసి ఉంటే, ఎన్నిసార్లు విన్నా తెలుసుకోవలసినది ఇంకా మిగిలే ఉంటుంది.

మరొక విశేషం. సంగీతం కూర్చిన కె.వి. మహాదేవన్ గారిది నాగర్‌కోయిల్ ప్రాంతం. గాయని వాణీ జయరామ్ గారు వేలూరులో పుట్టారు. ఇద్దరికీ తెలుగు మాతృభాష కాదు. అయినా మహాదేవన్ గారు ముందు సాహిత్యం చూసుకుని, ఆ మాటల నడకకు తగిన బాణీ కట్టేవారు. వాణీ జయరామ్ గారు తెలుగు అక్షరాన్ని ఎంత శుద్ధంగా పలికారో వినండి. నెల్లూరు ప్రాంతానికి చెందిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు తెలుగువారే గాని, శాస్త్రీయ సంగీతం పద్ధతిగా అభ్యసించినవారు కారు. మహాదేవన్ గారి సహాయకులు పుహళేంది గారు దగ్గరుండి నేర్పగా పాడారు. ఈ పాటలకు ఆ ముగ్గురికీ జాతీయ పురస్కారాలు లభించాయి.

ఇది మీకెందుకు చెబుతున్నాను? మీలో కొందరికి తెలుగు అర్థమవుతుంది గాని నోట రాదు. "మేము ఇక్కడ పుట్టాము, మాకు రాదులే" అనుకుంటారు. పుట్టుకతో రానిదానిని చెవితో విని, నోటితో పదేపదే పలికి సాధించినవారు ఈ రికార్డులో ఉన్నారు. పరదేశంలో ముందు మాట పోతుంది. పాట మరికొంత కాలం నిలుస్తుంది. ఆ పాట నిలిచి ఉండగానే మాటను తిరిగి తెచ్చుకోవాలి.

మహాదేవన్ గారు 2001లో, బాలుగారు 2020లో వెళ్ళిపోయారు. విశ్వనాథ్ గారు 2023లో, సరిగ్గా ఆ చిత్రం విడుదలైన ఫిబ్రవరి 2వ తేదీననే కన్నుమూశారు. మరి రెండు రోజులకు వాణీ జయరామ్ గారూ వెళ్ళిపోయారు. వారి పాట మాత్రం ఏ దేశంలో మీట నొక్కినా పలుకుతుంది.

మీరు నా ఎంపికను ఒప్పుకోనక్కరలేదు. ఇంటికి వెళ్ళి అమ్మమ్మనో, తాతయ్యనో ఇదే ప్రశ్న అడగండి. వారు చెప్పిన రికార్డును వారి పక్కన కూర్చుని వినండి. తెలియని మాట వచ్చినచోట ఆపి అర్థం అడగండి. వచ్చే తరగతికి ఒక్క పల్లవి అర్థంతో సహా నేర్చుకుని రండి. సెలవు.