వ్రేలికొన చెప్పు సాక్ష్యము

చేయి చాపుమని మన పల్లెవాసులను పూర్వము అడుగువారు ఇరువురు. ఒకరు నాడి చూచెడి వైద్యుడు. మఱియొకరు పత్రముపై నిశాని వేయించుకొనెడి కరణము. ఈ మనిషి ఎట్లున్నాడన్నది వైద్యుని ప్రశ్న. ఈ మనిషి ఎవరన్నది కరణము ప్రశ్న. నేడు ఈ రెండు ప్రశ్నలను ఒక చిన్న వెలుగు మన వ్రేలికొననే అడుగుచున్నది. ఆ వెలుగు పనిచేయు తీరును, అది చెప్పు మాటను ఎంతవరకు నమ్మవచ్చునన్న విషయమును ఈ ప్రసంగమున మనవి చేయదలచితిమి.

చిత్తూరు, తిరుపతి ప్రాంతములవారికి ఈ వెలుగు క్రొత్తది కాదు. తిరుమలలో సుదర్శనం టోకెన్ల పద్ధతి నడచిన దినములలో యాత్రికుని ఛాయాచిత్రముతో బాటు వ్రేలిముద్రను గూడ యంత్రము తీసికొనెడిది. 2015 నుండి రాష్ట్రమందలి చౌకధరల దుకాణములలో ఈ-పాస్ యంత్రముపై వ్రేలు ఉంచి బియ్యము తెచ్చుకొనుట అలవాటైనది. 2020, 2021 సంవత్సరములలో కరోనా వ్యాధి ప్రబలినపుడు వ్రేలిని పట్టుకొను ఆక్సీమీటరు అనేక గృహములలో ప్రవేశించినది.

మొదట ముద్ర సంగతి. వ్రేలికొనపై నుండు గట్లు, లోయలు శిశువు తల్లిగర్భమున నుండగనే ఏర్పడును. కవలపిల్లలకు సైతము అవి ఒక్కతీరున నుండవు. ఈ శాస్త్రమునకు మన దేశముతో గాఢమైన సంబంధము కలదు. 1858లో వంగదేశమందలి జంగీపురములో విలియం హెర్షెల్ అను అధికారి రోడ్డు కంకర ఒప్పందమునకు గుత్తదారుని చేతిముద్రను వేయించెను. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము ఏర్పడెను. ముద్రలను వర్గములుగా విభజించి క్షణములలో వెదకితీయు పద్ధతికి అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అను ఇద్దరు భారతీయులు ఎంతయో శ్రమించిరి. పేరు మాత్రము వారి పై అధికారి హెన్రీకి దక్కినది.

నాటి సిరాకు బదులు నేడు గాజు. యంత్రములో ఒక గాజు పట్టకము, దాని క్రింద ఒక దీపము, ఒక చిన్న కెమెరా యుండును. వ్రేలు లేనపుడు వెలుగు గాజు లోపలి అంచును తాకి అద్దమునుండి వలె పూర్తిగ వెనుకకు మఱలును. వ్రేలు ఉంచినపుడు గట్లు గాజును అంటుకొనును. అచ్చట వెలుగు మఱలక వ్రేలిలోనికి జారిపోవును. లోయలలో గాలి నిలుచును గనుక అచ్చట వెలుగు యథాప్రకారము మఱలును. గట్లు నల్లగను, లోయలు తెల్లగను పటము ఏర్పడును. గట్టు ఎచ్చట ముగిసినది, ఎచ్చట రెండుగ చీలినది యంత్రము గుర్తించి, మునుపు దాచిన గుర్తులతో పోల్చును.

ఇందులోనే ఒక చిక్కు కలదు. గట్టు గాజును అంటుకొననిదే పటము రాదు. వేరుసెనగ కాయలు ఒలిచిన వ్రేళ్లు, నల్లరాతిని చెక్కిన వ్రేళ్లు, కల్యాణకట్టలో దినమెల్ల నీరు, కత్తి పట్టిన వ్రేళ్లు, మాధవమాలలో కొయ్యబొమ్మకు రూపు దిద్దిన వ్రేళ్లు అరిగిపోవును. వార్ధక్యమున చర్మము ఎండి, ముడుతలు పడి, గట్లు చదునగును. అనగా జీవితమెల్ల చేతులతో శ్రమించినవారినే యంత్రము గుర్తింపజాలకున్నది. బియ్యము, పింఛను ఎవరికి అత్యవసరమో, వారి చేతులే ఎక్కువగ అరిగియుండుట గమనింపదగిన సంగతి.

ఇందులకు ఉపాయములు లేకపోలేదు. చేయి కడిగి తడి తుడుచుకొని, మరీ ఎండియున్నచో కొంచెము తేమ చేసికొని మఱల ప్రయత్నింపవచ్చును. వేఱొక వ్రేలిని ఉంచవచ్చును. కనుపాప పటము, ముఖమును గుర్తించు విధానము, చేతిఫోనుకు వచ్చు సంకేతసంఖ్య అను మార్గములును కలవు. ముద్ర సరిపడలేదన్న కారణమున అర్హులైనవారికి సాయము నిరాకరింపరాదని ఆధార్ సంస్థ 2017 అక్టోబరులోనే ప్రభుత్వములకు తెలియజేసినది. ఈ మాట ప్రతి ఇంటను తెలిసియుండవలెను.

ముద్రను దొంగిలించువారును కలరు. 2002లో జపానుదేశపు ఆచార్యుడు సుతోము మత్సుమోతో జెలటిన్‌తో చేసిన కృత్రిమపు వ్రేలితో అనేక యంత్రములను మోసగింపవచ్చునని నిరూపించెను. 2018లో తెలంగాణమున పెద్దపల్లి జిల్లాలో సిమ్‌కార్డులమ్ము ఒకడు రిజిస్ట్రేషను పత్రములపై నున్న ముద్రలనుండి రబ్బరు అచ్చులు చేసి పట్టుబడెను. తాళపుచెవి పోయిన మార్చుకొనగలము, వ్రేలిని మార్చుకొనలేము. కావున అవసరము లేనపుడు ఆధార్ ముద్రలకు తాళము వేసికొను సౌకర్యమును వాడుకొనుట మేలు. మోసమునకు ప్రతిగ, ఉంచిన వ్రేలు సజీవమైనదా యని పరిశీలించు విధానములు వచ్చినవి. కొన్ని యంత్రములు వేర్వేరు రంగుల వెలుగును చర్మము లోపలికి పంపి అచ్చటి రక్తపు జాడను వెదకును.

రక్తపు జాడ యనగనే మనము కరణమును విడిచి వైద్యుని యొద్దకు వచ్చితిమి. ఆక్సీమీటరు రెండు వెలుగులను వ్రేలిగుండ పంపును: ఒకటి ఎఱుపు, రెండవది కంటికి కానరాని పరారుణము. ప్రాణవాయువు నిండిన రక్తము ఎఱుపును ఎక్కువగ పోనిచ్చును. అది తగ్గిన రక్తము ఎఱుపును మ్రింగును. అయితే చర్మము, ఎముక గూడ వెలుగును మ్రింగును గదా? ఈ చిక్కును 1974లో జపానుదేశపు ఇంజనీరు తకువో అవొయాగి విడదీసెను. గుండె కొట్టుకొనినపుడెల్ల మాఱునది ధమనులలోని రక్తమే గనుక, మాఱెడి భాగమునే లెక్కించిన చాలునని ఆయన గ్రహించెను. నాడి అంతకు మునుపు కొలతకు అడ్డు. అవొయాగి దానినే కొలతకు ఆధారము చేసెను.

2021 మే మాసమున తిరుపతి నగరము ప్రాణవాయువు విలువను ఎంత దుఃఖముతో తెలిసికొన్నదో శ్రోతలు మఱచియుండరు. 94కు తగ్గిన వైద్యసహాయము పొందవలెనను నియమము నాడు ఇంటింట వినబడినది. కాని ఈ సంఖ్యకును హద్దులు కలవు. చల్లబడిన వ్రేలు, కదలెడి చేయి, గోళ్లరంగు, ముదురు గోరింట లెక్కను తప్పించును. మూసిన గదిలో బొగ్గుల కుంపటి విషవాయువు సోకినవానికి సైతము ఇది మంచి సంఖ్యనే చూపును. నల్లని చర్మముగలవారి విషయమున ఇది ఉన్నదానికంటె ఎక్కువ చూపుచున్నదని 2020 డిసెంబరులో అమెరికా వైద్యులు ప్రకటించిరి. మన ప్రాంతపువారు దీనిని ప్రత్యేకముగ గుర్తుంచుకొనవలెను. రోగి ఆయాసపడుచు, పెదవులు నీలబడుచున్నచో సంఖ్య ఎంత బాగున్నను వైద్యుని పిలువవలసినదే.

ఎవరన్న ప్రశ్నకైనను, ఎట్లున్నారన్న ప్రశ్నకైనను యంత్రము ఒక సాక్షి, న్యాయాధిపతి కాదు. సాక్షి మాట వినుట ధర్మము. ఆ ఒక్క మాటతో తీర్పు చెప్పుట ధర్మము కాదు. చౌకధరల దుకాణమున వృద్ధురాలి ముద్ర కుదురనపుడు ఆమె ముఖమును, ఇంట రోగికి 97 కనబడినపుడు అతని ఊపిరిని చూచువారు పక్కన నుండవలెను. ఆ చూపు మన బాధ్యత.