నీలి మొక్కకు మెట్టనేలలో చోటుంది

మొక్కల రంగుల ప్రస్తావన రాగానే పెద్దల విద్య గొప్పదని కొందరు, ప్రకృతి రంగు ఒంటికి మంచిదని కొందరు అంటారు. రెండింటిలోనూ కొంత నిజముంది. కానీ ఆ మాటలను నమ్ముకుని ఏ రైతూ విత్తనం చల్లడు, ఏ అద్దకగాడూ రంగు బాన పెట్టడు. కర్నూలు, కడప సీమలకు సంబంధించినంతవరకు మొక్కల రంగు ముందుగా సేద్యానికి సంబంధించిన విషయం, ఆ తర్వాతే బట్టకు సంబంధించినది. ఈ నేల, ఈ వాన, ఈ అడవి ఏ రంగును మోయగలవో తేల్చుకుని ఆ రంగునే ఎంచుకోవాలన్నది నా వాదన.

చరిత్ర ఈ వాదనకు బలమిస్తుంది. 19వ శతాబ్దంలో మద్రాసు రాజధానిలో నీలిమందుకు పేరుపడ్డ జిల్లాల్లో కడప, కర్నూలు ముందు వరుసలో ఉండేవి. ప్రొద్దుటూరు వైపు పత్తితోపాటు నీలిమందు వ్యాపారమూ సాగింది. పూతకు ముందు నీలి మొక్క కొమ్మలు కోసి తొట్లలో ఊరబెడితే ఆకులోని సారం నీళ్లలోకి దిగుతుంది. ఆ నీటిని వేరే తొట్టిలోకి వదిలి గాలి తగిలేలా చిలికితే నీలం విడివడి అడుక్కు చేరుతుంది. దాన్ని కాచి, వడకట్టి, అచ్చులు కోసి, నీడన ఆరబెట్టేవారు. నీలి చిక్కుడు జాతి మొక్క. వేళ్ల బుడిపెల ద్వారా గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది. ఊరిన కొమ్మలు, ఆకు తిరిగి చేనుకే ఎరువవుతాయి. సాలుకు 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే సీమలో, డబ్బు తెచ్చి నేలకు బలమూ ఇచ్చే పైర్లు ఎన్నో లేవు.

అలాంటి పైరు ఎందుకు పోయింది? 1897లో జర్మనీకి చెందిన బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ కృత్రిమ నీలిని అమ్మకానికి పెట్టింది. మొదటి ప్రపంచయుద్ధం నాటికే భారతదేశపు నీలి ఎగుమతి కుప్పకూలింది. యుద్ధకాలంలో జర్మనీ సరుకు ఆగినప్పుడు కాస్త కోలుకున్నా నిలవలేదు. కర్మాగారంలో పుట్టినా ఆకులో పుట్టినా నీలి అణువు ఒక్కటే. కనుక మన నీలం నాసిరకమై ఓడిపోలేదు, ధర దగ్గర ఓడిపోయింది. మొక్కల రంగు నిలవదని తీర్పు చెప్పేవారు ఈ సంగతి గమనించాలి. నీలం వెలిసిందంటే సాధారణంగా లోపం ముంచడంలోనో ఉతకడంలోనో ఉంటుంది. మిగతా రంగుల్లో చాలావాటికి పట్టు ఇచ్చేది పటిక, ఇనుప కసిం వంటి బంధకాలు. పసుపు కొమ్ము రంగులాగా ఎండకు నిలవని రంగులూ ఉన్నాయి. వాటిని అమ్మకపు బట్టకు వాడకపోవడమే మంచిది.

ఇక నీళ్ల మాట. రాయలసీమలో అన్నిటికంటే బరువైన అభ్యంతరం ఇదే, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను పదేపదే ఉతకాలి, పారే నీరు కావాలి. పటికతో ఎరుపు తెప్పించే ఆ పద్ధతిని ఎద్దడి ఊళ్లకు యథాతథంగా తేవడం తెలివైన పని కాదు. నీలి బాన సంగతి వేరు. నీలిమందు నీళ్లలో కరగదు. సున్నం, చవుడు, ఉడికించిన తగిరిస గింజలు వేసి పులియబెడితే అది కరిగే రూపంలోకి మారుతుంది. అందులో ముంచిన నూలు పసుపుపచ్చగా బయటికొచ్చి గాలి సోకగానే నీలమవుతుంది. అద్దకం పూర్తికాగానే బానను పారబోయరు. తోడుకు పెరుగు దాచుకున్నట్టు దాన్ని నెలల తరబడి మేపుతూ నిలుపుకుంటారు. ఊరబెట్టిన తొట్టి నీరు చేనుకు పోతుంది. కనుక నీలమూ, నల్లమల కరక్కాయతో కసిం కలిసి ఇచ్చే నలుపూ ఈ సీమకు తగినవి. కసిం మోతాదు మించితే నూలు బలం తగ్గుతుంది కాబట్టి నలుపు విషయంలో కొలత తప్పకూడదు.

కొయ్యకు రంగు వేసే దగ్గర నీటి చిక్కు ఇంకా తక్కువ. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ రంగు కలిపిన లక్కను అదిమి పట్టుకుంటే రాపిడి వేడికే అది కరిగి పట్టేస్తుంది. మొగలి ఆకుతో మెరుగు పెడతారు. అక్కడ మొక్కల రంగులను తిరిగి నిలబెట్టిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పసిపిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువుకు సీసం లేని రంగు వేయడం అలంకారం కోసం కాదు, బాధ్యత.

అడవిని కొల్లగొడతారన్న భయమూ న్యాయమైనదే. కడప కొండల ఎర్రచందనం ఒకప్పుడు రంగు కోసమే ఐరోపాకు పోయింది. ఇప్పుడా చెట్టు 1995 నుంచి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణలో ఉంది. దీన్నుంచి ఒక నియమం నేర్చుకోవాలి. ఆకు, పువ్వు, కాయ, తొక్క ఇచ్చే రంగులకు పెద్దపీట వేయాలి. వేరు, చేవ ఇచ్చే రంగులను సాగు చేసినప్పుడు మాత్రమే వాడాలి. మొక్కది అన్నంత మాత్రాన రంగు నిరపాయం కాదనీ ఒప్పుకోవాలి. క్రోమియం, రాగి లవణాలతో పట్టించిన రంగు మొక్కదైనా ఆ మురుగు నీరు విషమే. మరోవైపు, ప్రమాదకరమైన 112 రసాయన రంగులను 1997 నాటికి మన ప్రభుత్వమే నిషేధించవలసి వచ్చింది. అందుకే రంగు మొక్కదా రసాయనమా అన్నదానితో సరిపెట్టుకోకుండా, వెంట ఏం కలిపారు, మిగిలిన నీరు ఎటు పోయింది అని కూడా అడగాలి.

ఖర్చెక్కువ అన్నది చివరి ఆక్షేపణ. నిజమే. మొక్కల రంగు వేసిన బట్ట మిల్లు గుడ్డకు పోటీ కాలేదు, పోటీ పడనవసరమూ లేదు. చేనేతలో బట్ట ధరలో పెద్ద పాలు మనిషి పనిదే. అక్కడ రంగుకు పెట్టే అదనపు ఖర్చు జిల్లాలోని రైతుకే చేరితే ఆ ధరకు అర్థముంటుంది. అయితే 1897 పాఠం మరవకూడదు. దూరపు మార్కెట్టును నమ్ముకున్న పైరు ఒక్క దెబ్బకు కూలింది. ఎమ్మిగనూరులో 1938లోనే మాచాని సోమప్ప నేతగాళ్లను సహకార సంఘంగా కూడగట్టిన సీమ ఇది. కలిసి నడిచే పద్ధతి మనకు కొత్త కాదు. కనుక రైతులకు, చేనేత సంఘాలకు నా విన్నపాలు మూడు. ఉన్న పైరు తీసేయకుండా, చేనులో కొంత భాగంలోనే నీలి వేయండి. కొనే ధరను విత్తనం చల్లకముందే కాగితం మీద పెట్టుకోండి. రంగు నిలకడను పరీక్ష చేయించి ఆ ఫలితాన్ని కొనేవారికి చూపించండి. ఈ మూడూ జరగకుండా పెట్టే బానలు ప్రదర్శనలకే పరిమితమవుతాయి.